మంచుకు మాడిపోతున్న వసంత మాగ్నోలియా: కొమ్మలు కొట్టించాలా, ఇంకొకటి నాటాలా?

ప్రశ్న: తూర్పువాకిలి

అందరికీ నమస్కారం. మేము ఈ ఇంట్లోకి వచ్చేనాటికే పెరట్లో ఒక మాగ్నోలియా చెట్టు ఉంది. నేల దగ్గరే మూడు మానులుగా చీలి, పై అంతస్తు కిటికీ దాకా పెరిగింది. బెరడు బూడిద రంగులో నున్నగా ఉంటుంది. చలికాలంలో ఒక్క ఆకూ ఉండదు కానీ, కొమ్మల చివర్లలో నూగు కప్పుకున్న మొగ్గలు నిలబడి ఉంటాయి. వసంతం మొదట్లో, ఇంకా ఆకు తొంగిచూడకముందే పూలు వస్తాయి. అడుగున ముదురు గులాబీ రంగు, అంచుకు వెళ్లేకొద్దీ పలచన, లోపలి వైపు తెలుపు. ఒక్కో పువ్వు నా రెండు అరచేతులూ కలిపి పట్టినంత ఉంటుంది. దగ్గరికి వెళితే సన్నని పరిమళం.

పోయిన వసంతంలో సగం మొగ్గలు విచ్చుకున్నాయో లేదో, ఒక రాత్రి గడ్డకట్టే చలి పడింది. మర్నాడు మధ్యాహ్నానికి విచ్చుకున్న పువ్వన్నది ఒక్కటి మిగల్లేదు. రేకులన్నీ గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి వేలాడాయి. ఇరుగుపొరుగు వాళ్లు చెప్పేదాన్ని బట్టి ఇది కొత్త సంగతేమీ కాదు. కొన్నేళ్లు కన్నులపండువగా పూస్తుందట, కొన్నేళ్లు ఇలాగే మాడిపోతుందట.

చెట్టు రోజంతా ఎండ తగిలే గోడ పక్కనే ఉంది. కొమ్మలు చూరుకు తగులుతున్నాయి. తోట పనికి వచ్చే ఆయన "ఆకు రాలగానే తలెత్తు వరకు కొట్టేద్దాం, మళ్లీ గుబురుగా చిగురిస్తుంది" అంటున్నారు. ఒప్పుకోవచ్చా? లేక చెట్టును తవ్వి వేరే చోటికి మార్చడం మేలా? అసలు ఇది ఏ రకం? దీనికి తోడుగా చిన్నపాటి చెట్టు ఇంకొకటి నాటాలని కోరిక. చలికి దొరక్కుండా పూసేది ఏదైనా ఉంటే చెప్పండి. ఇంకొక సందేహం కూడా ఉంది. విచ్చుకోబోయే ముందు మొగ్గల కొనలు దాదాపుగా అన్నీ ఒకే దిక్కుకు వంగుతున్నాయి. అది ఏదైనా తెగులా?

జవాబు: నూగుమొగ్గ

తూర్పువాకిలి గారూ, ముందు ఆ కొట్టుడు ఆపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

వచ్చే వసంతంలో మీరు చూడబోయే పూలు ఈపాటికే ఆ చెట్టు మీద ఉన్నాయి. వసంతంలో పూసే మాగ్నోలియాలు తమ పూమొగ్గలను అంతకుముందు వేసవిలోనే కట్టుకుంటాయి. ఆకుల చాటున ఉండటం వల్ల మన కళ్లు వాటి మీద పడవు, అంతే. ఒక కొమ్మను చేతిలోకి తీసుకుని చివరిదాకా తడిమి చూడండి. రెండు రకాల మొగ్గలు తగులుతాయి. కొమ్మ పక్కన సన్నగా, కొమ్మకు హత్తుకుని ఉండేవి ఆకు మొగ్గలు. కొసన లావుగా, దట్టమైన నూగుతో ఉండేది పూమొగ్గ. నమ్మకం కుదరకపోతే ఒక్కదాన్ని తుంచి, పదునైన బ్లేడుతో నిలువునా చీల్చండి. నూగు పొర కింద ఇంకొక పొర, దాని లోపల ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న లేత రేకులు, నడిమధ్యన ఆకుపచ్చని చిన్న కండె కనిపిస్తాయి. పువ్వు మొత్తం తయారై కూర్చుంది. చలికాలం గడవడమే తరువాయి.

కాబట్టి ఆకు రాలాక తలెత్తుకు కొట్టిస్తే వచ్చే ఏడాది పూలన్నిటినీ నరికి పారేసినట్టే. నష్టం అక్కడితో ఆగదు. మాగ్నోలియాను మొండిగా నరికితే కోసినచోట నుంచి నిట్టనిలువుగా పొడవాటి కొమ్మలు గుంపుగా లేస్తాయి. అవి చెట్టు ఆకారాన్ని చెడగొడతాయి, చాలాకాలం పూయవు. లావు కొమ్మలు కోసిన గాయాలు త్వరగా మూసుకోవు, అక్కడి నుంచి కుళ్లు లోపలికి దిగుతుంది. "గుబురుగా చిగురిస్తుంది" అన్న మాట కంచె మొక్కలకు సరిపోతుంది. ఈ చెట్టు అందమంతా ఆ విశాలమైన కొమ్మల పంపకంలో ఉంది. ఆకులు లేని నెలల్లో కూడా అది చూడదగ్గదే.

చూరుకు తగిలే కొమ్మలను తీయవద్దని నేను అనడం లేదు. పూత అయిపోయి ఆకులు విచ్చుకుంటున్నప్పుడు మొదలుపెట్టి, నడివేసవి లోపు ముగించండి. కొమ్మను మధ్యలో తుంచకుండా, అది ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లి, మొదట్లో ఉండే ఉబ్బును వదిలి కోయండి. ఎండినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి ముందు తీయాలి. ఒకే ఏడాది ఎక్కువ తీయకుండా, రెండు మూడేళ్ల మీద పని సర్దుకుంటే చెట్టుకు తెలియకుండా గడిచిపోతుంది.

ఇక చలి సంగతి. మూసుకుని ఉన్న మొగ్గ చాలా గట్టిది. మైనస్ 20 డిగ్రీల చలిని కూడా నూగు పొరల మాటున దాటేస్తుంది. పొరలు రాలి, రేకులు బయటికి వచ్చాక ఆ బలం పోతుంది. సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగితే చాలు, రేకులలోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లుతాయి. గోధుమ రంగు అందుకే వస్తుంది. చెట్టుకు మాత్రం దానివల్ల ప్రమాదం లేదు. పూలు పోయినా ఆకులు వేళకు వస్తాయి, వేసవిలో మళ్లీ మొగ్గలు కడుతుంది.

మీ చెట్టు తరచూ దొరికిపోవడానికి కారణం ఆ గోడ అని నా అభిప్రాయం. తగినంత చలి తిన్న తర్వాత మొగ్గలు వెచ్చదనం కోసం ఎదురుచూస్తాయి. పగలంతా ఎండను పీల్చి రాత్రి వెచ్చదనాన్ని వదిలే గోడ పక్కన ఆ వెచ్చదనం ముందుగానే దొరుకుతుంది. చెట్టు తొందరపడి విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఒక్క చలి రాత్రి చాలు. చలి ప్రాంతాల్లో మాగ్నోలియాకు వెచ్చని మూల ఇస్తే మేలు చేశామనుకుంటాం కానీ, వసంతంలో ఆలస్యంగా వేడెక్కే చోటే దానికి నయం. తెల్లవారగానే నేరుగా ఎండ పడే చోటు కూడా మంచిది కాదు. గడ్డకట్టిన రేకులు ఒక్కసారిగా కరిగితే దెబ్బ ఎక్కువ.

అయినా సరే, ఈ చెట్టును కదిలించకండి. మాగ్నోలియా వేర్లు కండపట్టి, మోకుల్లా లావుగా, నేలకు దగ్గరలోనే దూరదూరాలకు పాకుతాయి. పీచువేర్లు తక్కువ. తెగిన చోట కొత్తవి సులువుగా పుట్టవు, కుళ్లడం మాత్రం సులువు. అంత ఎత్తు ఎదిగిన చెట్టును తవ్వితే వేర్లలో అధిక భాగం మట్టిలోనే మిగిలిపోతాయి.

చెట్టంత ఎత్తున గుడ్డ కప్పడం అయ్యే పని కాదు కనుక, చలి రాబోతోందని తెలిసిన సాయంత్రం నేను చేసే పని చెబుతాను. మొగ్గ చివర రంగు కనబడుతున్న చిన్న కొమ్మలు కొన్ని కోసి, ఇంట్లో నీళ్లలో నిలబెడతాను. అవి అక్కడ నెమ్మదిగా, పూర్తిగా విచ్చుకుంటాయి. చూరు వైపు కొమ్మలే ఎంచుకుంటే మీకు రెండు పనులూ కలిసి వస్తాయి.

మొగ్గలు వంగడం తెగులు కాదు. ఎండ ఎక్కువ తగిలే వైపు మొగ్గ తొందరగా ఉబ్బుతుంది, నీడ వైపు వెనకబడుతుంది. దాంతో కొన నీడ వైపుకు వంగుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉండేవాళ్లకు అది ఉత్తర దిక్కు. మంచి ఎండలో ఉన్న చెట్టును దూరం నుంచి చూసి కూడా దిక్కు చెప్పవచ్చు.

రకం విషయానికి వస్తే, మీరు చెప్పిన గుర్తులన్నీ మాగ్నోలియా సూలాంజియానాకు సరిపోతున్నాయి. ఇది ప్రకృతిలో ఎక్కడా పుట్టిన జాతి కాదు. నెపోలియన్ సైన్యంలో అశ్వికదళ అధికారిగా పనిచేసిన ఎటియెన్ సూలాంజ్ బోదాన్, యుద్ధాల తర్వాత పారిస్ దగ్గరి ఫ్రోమోంలో తోట పెంచుతూ 1820లో చేసిన సంకరం ఇది. మొదటి పువ్వు 1826లో విచ్చుకుంది. తల్లిదండ్రులు రెండూ చైనావే. ఒకటి యూలాన్ మాగ్నోలియా. తెల్లగా, సువాసనతో, వసంతంలో చాలా ముందుగా పూసే చెట్టు. చైనా బౌద్ధాలయాల తోటల్లో వెయ్యేళ్లకు పైగా పెంచుతున్నారు. రెండోది లిలీఫ్లోరా. ఊదా రంగు పూలు, పొద లాంటి పెరుగుదల, ఆలస్యంగా పూసే గుణం దానివి. మీ చెట్టుకు తొందర యూలాన్ నుంచి, గులాబీ రంగు లిలీఫ్లోరా నుంచి వచ్చాయి. మొక్క మొక్కకూ ఈ పాళ్లు మారడం వల్ల దాదాపు తెలుపు నుంచి చిక్కటి ఊదా దాకా ఎన్నో రకాలు వచ్చాయి. అందుకే మీదాని ఖచ్చితమైన రకం పేరు పూల రంగు చూసి చెప్పలేం. వచ్చే వసంతంలో రేకులు లెక్కపెట్టండి. సాధారణంగా తొమ్మిది ఉంటాయి. రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు అని విడిగా ఉండవు, అన్నీ రేకులే. బయటి మూడు కొంచెం పొట్టిగా ఉంటే అది లిలీఫ్లోరా పోలిక.

జవాబు: తెల్లచుక్క

నూగుమొగ్గ గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కొత్త చెట్టు విషయంలో మాత్రం నక్షత్ర మాగ్నోలియా తరఫున వాదించాలని ఉంది. శాస్త్రీయంగా మాగ్నోలియా స్టెల్లేటా. జపాన్‌లో, ఇసే అఖాతం చుట్టుపక్కల కొద్దిపాటి చిత్తడి నేలల్లోనే సహజంగా పెరుగుతుంది. అక్కడ అడవిలో దీని ఉనికి ఇప్పుడు ప్రమాదంలో పడింది కానీ, తోటల్లో మాత్రం అంతటా ఉంది.

మెల్లగా పెరుగుతుంది. మూడు మీటర్లకు అటూ ఇటూగా ఆగి, అంతే వెడల్పు పరుచుకుంటుంది. చిన్న పెరడుకు ఇంతకంటే అణకువైన చెట్టు నేను చూడలేదు. పువ్వుకు పన్నెండు నుంచి ముప్పై దాకా సన్నని పొడవాటి తెల్ల రేకులు. చిన్న మొక్కగా ఉన్నప్పుడే పూయడం మొదలుపెడుతుంది, ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు. కొంచెం సున్నం ఉన్న నేలలో కూడా సర్దుకుంటుంది. సూలాంజియానా అంత తేలికగా సర్దుకోదు.

ఇది సూలాంజియానా కంటే కూడా ముందు పూస్తుందన్నది నిజం. మంచు దెబ్బ దీనికీ తగులుతుంది. కానీ నా చెట్టులో మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవు. ఒక విడత మాడిపోయినా, వెనకబడిన మొగ్గలు తర్వాత పూస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇది పూసే వేళకు తోటలో ఇంకేమీ ఉండదు. మట్టి, ఎండుగడ్డి, ఖాళీ కొమ్మలు, వాటి మధ్య ఈ తెలుపు. ఆలస్యంగా పూసే మాగ్నోలియా ఎంత భద్రమైనా, అప్పటికి చుట్టూ అన్నీ పూస్తుంటాయి. భద్రత కోసం ఆ మొదటి తెలుపును వదులుకోవడం నాకు ఇష్టం లేదు. కొన్ని వసంతాలు నష్టపోయినా సరే.

జవాబు: నూగుమొగ్గ

తెల్లచుక్క గారూ, మీ మమకారం అర్థమైంది. స్టెల్లేటాను నేనూ ప్రేమిస్తాను. అయితే తూర్పువాకిలి గారికి ముందే పూసే చెట్టు ఒకటి ఉంది, అది మాడిపోతే కలిగే బాధ ఏమిటో తెలిసి కూడా ఉంది. రెండోది కూడా అదే రాత్రికి బలైతే ఆ ఏడాదంతా శూన్యమే. అందుకని వేళలో తేడా ఉన్నదాన్ని నాటమనడం నా సలహా.

ఇందుకోసమే పుట్టిన చెట్లు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షోద్యానంలో ఫ్రాన్సిస్ డి వోస్, విలియం కోసార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1950ల నడిమధ్యన లిలీఫ్లోరాను, స్టెల్లేటాను కలిపి ఎనిమిది రకాలు తెచ్చారు. సుసాన్, బెట్టీ, జేన్, యాన్ వంటి పేర్లు పెట్టడంతో అవి చిన్నారి బాలికల వరుసగా ప్రసిద్ధికెక్కాయి. స్టెల్లేటా నుంచి చిన్న ఆకారం, లిలీఫ్లోరా నుంచి ఆలస్యం తీసుకున్నాయి. సూలాంజియానా కంటే కనీసం రెండు వారాలు వెనకగా పూస్తాయి కాబట్టి వసంతపు చివరి చలిని చాలా ఏళ్లలో తప్పించుకుంటాయి. సుసాన్ మొగ్గ చిక్కటి ఊదా ఎరుపులో, సన్నగా, కొద్దిగా మెలితిరిగి నిలబడుతుంది. నా కంటికి అన్నిటిలో అదే అందగత్తె. విచ్చుకున్నాక కంటే మొగ్గగా ఉన్నప్పుడే బాగుంటుంది.

పసుపు రంగు ఇష్టమైతే ఎలిజబెత్ అనే రకం ఉంది, బ్రూక్లిన్ వృక్షోద్యానం నుంచి వచ్చింది. తూర్పు ఉత్తర అమెరికాలో పెరిగే అక్యూమినాటా అనే మాగ్నోలియాను యూలాన్‌తో కలిపారు. లేత వెన్న రంగు పూలు, ఆలస్యమే. కానీ అది పెద్ద చెట్టవుతుంది, మీరు అడిగిన చిన్నపాటిది కాదు.

మా ఇద్దరి వాదానికీ నడుమ దారి కావాలంటే లోబ్నెరీ సంకరాలు చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో మాక్స్ లోబ్నర్ స్టెల్లేటాను దాని బంధువు కోబస్‌తో కలిపారు. వాటిలో లెనార్డ్ మెస్సెల్ అనే లేత గులాబీ రకం ఇంగ్లండ్‌లోని నైమన్స్ తోటలో తనంతట తాను మొలిచింది. దాని పూలు కొద్దిపాటి మంచుకు తొణకవని పేరు. నేలను బట్టి పేచీ పెట్టే గుణం కూడా తక్కువ.

ఏది నాటినా నాటే పద్ధతి ఒక్కటే, అందులో రాజీ పడకండి. వేర్లు కండగలవి కాబట్టి వసంతంలో, నేల వేడెక్కుతున్నప్పుడు నాటడం మేలు. చలికాలపు చల్లటి తడి మట్టిలో పెడితే తెగిన వేర్లు కోలుకోకముందే కుళ్లుతాయి. గుంట లోతు కంటే వెడల్పు ముఖ్యం. కుండీలో మట్టి ఏ మట్టం వరకు ఉందో నేలలోనూ అంతే ఉండాలి. లోతుగా పాతితే చెట్టు ఏళ్ల తరబడి ముడుచుకుని కూర్చుంటుంది. మట్టి కొంచెం ఆమ్ల గుణంతో, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలా మంచిది. తేమ నిలవాలి, నీళ్లు నిలవకూడదు. నేలలో సున్నం ఎక్కువైతే ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఆకు మిగతా భాగం పసుపు తిరుగుతుంది. చెట్టుకు ఇనుము అందడం లేదని దాని అర్థం.

మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు తప్పనిసరి. వేసవిలో ఎండబెడితే ఆ ఏడాది ఆకులే కాదు, వచ్చే ఏడాది పూమొగ్గలు కూడా తగ్గుతాయి. మొదలు చుట్టూ ఎండుటాకులో, బెరడు ముక్కలో దళసరిగా పరచండి, మానుకు ఆనకుండా కొంచెం ఎడం ఉంచండి. ఆ వృత్తంలో పలుగు, పార పెట్టవద్దు. పైపైనే వేర్లు ఉంటాయి. పూల మొక్కలు కావాలంటే చెట్టుతోపాటే చిన్నవిగా నాటి వదిలేయాలి కానీ, ప్రతి ఏడూ తవ్వి మార్చేవి పనికిరావు.

జవాబు: ఎండపొద్దు

ఈ చర్చ చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది. మా దగ్గర మంచు అన్నది ఎప్పుడూ పడదు, చలికాలం కూడా వెచ్చగానే ఉంటుంది. అంటే మాకు పూలు మాడిపోయే బాధే లేదు కదా. సూలాంజియానా నాటితే ఏడాదంతా పూస్తుందా?

జవాబు: నూగుమొగ్గ

ఎండపొద్దు గారూ, మీకు మాడిపోయే బాధ ఉండదు నిజమే. అసలు సరిగ్గా పూయకపోవడం అనే బాధ ఉంటుంది. ఈ చెట్టు ఆకు రాల్చి నిద్రపోవాలి. ఆ నిద్ర తీరడానికి కొన్ని వారాల చల్లదనం కావాలి. అది అందకపోతే మొగ్గలు అరకొరగా విచ్చుకుంటాయి, కొన్ని విచ్చుకోకుండానే రాలిపోతాయి, ఆకులు కూడా ఒక క్రమం లేకుండా వస్తాయి. వేసవి ఎండకు ఆకుల అంచులు మాడతాయి.

అయితే మీకు మాగ్నోలియా అందనిదేమీ కాదు. మన సంపెంగ ఇదే కుటుంబం. ఒకప్పుడు మైకేలియా చంపకా అనేవారు, ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని మాగ్నోలియా ప్రజాతిలోనే చేర్చి మాగ్నోలియా చంపకా అంటున్నారు. తేడాలు స్పష్టం. సంపెంగ ఆకు రాల్చదు, చలి అడగదు, పూలు కొమ్మ కొసన కాకుండా ఆకుల మొదళ్లలో వస్తాయి. పోలిక చూడాలంటే రెండు చెట్ల లేత కొమ్మలు పక్కపక్కన పట్టుకోండి. ప్రతి ఆకు తొడిమ దగ్గరా కొమ్మ చుట్టూ ఉంగరంలా ఒక సన్నని గీత ఉంటుంది. లేత ఆకును కప్పి ఉంచిన పొర రాలిపోయిన మచ్చ అది. ఈ కుటుంబంలో దాదాపు ప్రతి చెట్టుకూ ఆ గీత ఉంటుంది. ఆకూ పువ్వూ లేని రోజున కూడా దాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు.

వెచ్చని చోట పెద్ద తెల్ల పూలు కావాలంటే ఆగ్నేయ అమెరికా నుంచి వచ్చిన గ్రాండిఫ్లోరా ఉంది. అది కూడా ఆకు రాల్చదు, వేసవిలో పూస్తుంది, సూలాంజియానా కంటే వేడికి చాలా నయం. కానీ దానికి పెద్ద స్థలం కావాలి.

జవాబు: తూర్పువాకిలి

అందరికీ కృతజ్ఞతలు. కొట్టుడు ఆపించాను. ఆయనకు కూడా మొగ్గ చీల్చి చూపించాను. లోపలి రేకులు చూసి "ఇన్నాళ్లూ ఇవి ఆకు మొగ్గలనుకున్నాను" అన్నారు. చూరు కొమ్మలు పూత అయ్యాక తనే తీస్తానన్నారు. కొమ్మ మీద ఆ ఉంగరం గీత కూడా దొరికింది. ఇన్నిసార్లు పట్టుకున్న కొమ్మ మీద అది ఉందని తెలియనే లేదు.

కొత్త చెట్టుగా సుసాన్ నాటాలని నిర్ణయించుకున్నాం. గోడకు దూరంగా, పొద్దున నీడ ఉండి మధ్యాహ్నం ఎండ వచ్చే చోట.

ఇంకో రెండు విషయాలు. నడివేసవిలో పాత చెట్టు ఆకుల మధ్య అక్కడక్కడ పువ్వు కనిపించింది, వసంతంలోవాటి కంటే చిన్నది. చెట్టుకు ఏదైనా ఇబ్బందా? ఇప్పుడేమో కొమ్మల మీద వంకరగా, గడ్డలు గడ్డలుగా గులాబీ రంగు కాయలు వచ్చాయి. కొన్ని పగిలి, ఎర్రటి గింజలు సన్నని దారంతో వేలాడుతున్నాయి. వాటిని మొలకెత్తిస్తే ఇలాంటి చెట్టే వస్తుందా?

జవాబు: నూగుమొగ్గ

మొగ్గ చీల్చి ఆయనకు కూడా చూపించడం చాలా మంచి పని. ఇక ఆయన చేతిలో ఇంకెన్ని మాగ్నోలియాలు బతుకుతాయో!

వేసవి పువ్వు ఇబ్బంది కాదు, లిలీఫ్లోరా రక్తం. ఆ చెట్టుకు వసంతం తర్వాత కూడా విడతలుగా పూసే అలవాటు ఉంది. మీ సుసాన్‌లో ఇది ఇంకొంచెం ఎక్కువగా చూస్తారు. వసంతపు పూతను అది పెద్దగా తగ్గించదు.

కాయ గురించి చెప్పాలంటే పువ్వు దగ్గరికి వెళ్లాలి. వచ్చే వసంతంలో అప్పుడే విచ్చుకుంటున్న పువ్వును ఒంచి లోపల చూడండి. నడుమ నిలబడిన కండె పై భాగంలో చిన్న చిన్న కొక్కేల్లాంటివి వంపు తిరిగి ఉంటాయి. అవి ఆడ భాగాలు. కింది భాగంలో కేసరాలు బిగుసుకుని, కండెకు ఒదిగి ఉంటాయి. మొదట ఆడ భాగాలే సిద్ధమవుతాయి, అప్పటికి ఆ పువ్వు పుప్పొడి విడుదల కాదు. తర్వాత ఆ కొక్కేలు కండెకు అణిగిపోతాయి, కేసరాలు విడివడి పుప్పొడి రాలుస్తూ రేకుల అడుగున పడతాయి. తన పుప్పొడి తనకే అంటకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. ఒకే కొమ్మ మీద నిన్నటి పువ్వునూ ఇవాళ్టి పువ్వునూ పక్కపక్కన చూస్తే ఈ తేడా కంటికి తెలిసిపోతుంది.

ఆ పుప్పొడి మోసేవి ప్రధానంగా పెంకు పురుగులు. పువ్వులో దూరి, పుప్పొడి తింటూ తిరుగుతాయి. రేకులు అంత దళసరిగా, నడుమ కండె అంత గట్టిగా ఉండటానికి కారణం ఆ నమిలే నోళ్లే అంటారు. ఈ వంశానికి దగ్గరి పూల శిలాజాలు దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి. అంత పాత అమరిక మీ పెరట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. నాకు ఈ చెట్టు మీద ఉన్న గౌరవంలో సగం అందుకే.

పుప్పొడి అందిన ఆడ భాగాలు మాత్రమే ఉబ్బి గింజ కడతాయి, అందనివి అలాగే ఎండిపోతాయి. కాయ వంకరటింకరగా ఉండటానికి కారణం అదే. ఒక్కో గడ్డ పగిలి లోపలి గింజ దారం మీద వేలాడుతుంది. ఆ ఎర్రటి తోలు కోసం పక్షులు వచ్చి మింగి, గింజను దూరంగా వదులుతాయి.

మొలకెత్తించాలంటే ఆ ఎర్రటి గుజ్జును పూర్తిగా కడిగేయాలి, అది ఉంటే మొలక రాదు. లోపలి నల్ల గింజను ఆరబెట్టకుండా తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర మూడు నెలలు ఉంచి, వసంతంలో విత్తండి. మొక్క వస్తుంది. కానీ ఇది సంకరం కాబట్టి తల్లి పోలిక రాదు. రంగు మారవచ్చు, ఆకారం మారవచ్చు, మొదటి పువ్వుకు పదేళ్లు పైబడినా ఆశ్చర్యం లేదు. హిమాలయాల్లో పెరిగే క్యాంప్‌బెల్లీ అనే మాగ్నోలియా గింజ నుంచి పూయడానికి పాతికేళ్లు తీసుకోవడం మామూలే. దానితో పోలిస్తే మీది తొందరగానే పూస్తుంది. పుట్టేది ఏదైనా సరే చూద్దాం అనుకుంటే తప్పకుండా విత్తండి.

అచ్చం ఇలాంటిదే కావాలంటే నేల అంటు కట్టండి. కిందికి వంగే కొమ్మను వసంతంలో ఎంచుకుని, అడుగు వైపు బెరడు కొంచెం చెక్కి, ఆ చోటును మట్టిలో పాతి, మీద రాయి పెట్టి, కొన పైకి నిలబెట్టండి. మట్టి ఎండనివ్వకండి. వేర్లు పట్టడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. అప్పుడు వేరు చేసి నాటుకోవచ్చు.

సుసాన్ కొనేటప్పుడు మొదలు దగ్గర ఉబ్బు, వంపు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది అంటు కట్టిన మొక్క. అలాంటి మొక్కకు ఆ ఉబ్బు కింద నుంచి లేచే పిలకలను కనబడగానే మొదట్లోనే తీసేయాలి. అవి వేరుమూలానివి, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి, తరచుగా కోబస్‌వి. వదిలేస్తే అవే బలిసి సుసాన్‌ను అణిచేస్తాయి, ఎన్నో ఏళ్ల తర్వాత ఊదా బదులు తెల్ల పూలు చూసి ఆశ్చర్యపోతారు. ఉబ్బు లేకపోతే అది కొమ్మ నుంచి వేరు పట్టిన మొక్క, ఆ చింత ఉండదు. దొరికితే అదే తీసుకోండి.